రిపేరు తరువాత వచ్చే కంపనాలు, శబ్దాలు – పాత కారు ఇంజను పరీక్ష



కంపనాలు, పౌనఃపున్యం, అనునాదం అనే పాఠాలు మీరు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివి ఉంటారు. శ్రుతిదండంతోనూ, సోనామీటరు తీగతోనూ ప్రయోగశాలలో ప్రయోగాలు కూడా చేసి ఉంటారు. ఈ రోజు అవే సూత్రాలను మెకానిక్ షెడ్డులోకి తీసుకువెళదాం.

పాత కారుకు రిపేరు చేయించి ఇంటికి తెచ్చుకున్నాక, అంతకు ముందు లేని ఊపు ఒకటి సీటులో తెలుస్తుంది. లేదా బానెట్ కింద నుంచి కొత్త చప్పుడు వినిపిస్తుంది. వెంటనే యజమాని, "మెకానిక్ ఏదో చెడగొట్టాడు" అంటాడు. మెకానిక్, "పాత బండి కదండీ, అలాగే ఉంటుంది" అంటాడు. ఈ రెండు మాటల్లోనూ అభిప్రాయం ఉంది కాని, పరీక్ష లేదు. పరీక్ష లేకుండా ముందుకు వెళితే నష్టం రెండు విధాలుగా వస్తుంది. ఒక బోల్టు సర్దితే పోయే ఊపుకు ఇంజను మొత్తం విప్పించి వేల రూపాయలు పోగొట్టుకోవచ్చు. లేదా వెంటనే ఆపవలసిన చప్పుడును "మామూలే" అనుకుని నడిపి, క్రాంక్ షాఫ్టునే పాడుచేసుకోవచ్చు. బండి మీద బతికే కుటుంబానికి ఈ రెండూ పెద్ద దెబ్బలే.

మూడు అవకాశాలు

రిపేరు తరువాత కనిపించిన ప్రతి లోపమూ రిపేరు వల్ల వచ్చినది కాదు. మన పెద్దలు కాకతాళీయం అన్న మాటను ఊరికే చెప్పలేదు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణాన తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లనే పండు రాలిందని చెప్పడానికి ఆ ఒక్క సంఘటన చాలదు.

కాబట్టి మన ముందు మూడు అవకాశాలు ఉన్నాయి. ఒకటి, రిపేరులో జరిగిన పని వల్లనే లోపం వచ్చింది. రెండు, లోపం ముందునుంచీ ఉంది. ఇంతకు ముందు పెద్ద శబ్దం దానిని కప్పివేసింది, ఇప్పుడు ఆ పెద్ద శబ్దం పోవడంతో చిన్నది బయటపడింది. మూడు, రెండూ ఒకే సమయంలో జరిగాయి కాని, వాటికి సంబంధం లేదు. ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చడమే రోగనిర్ణయం.

ఉదాహరణకు ఒక కారు

మన దేశంలో అందరికీ తెలిసిన మారుతి 800ను తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. దీని ఇంజను సామర్థ్యం 796 ఘనపు సెంటీమీటర్లు. నాలుగు స్ట్రోకులు, ఒకే వరుసలో మూడు సిలిండర్లు. ఇంజను ముందు భాగంలో అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలను తిప్పుతుంది.

1997 నాటి కార్బురేటర్ మోడల్ కారు ఒకటి ఉందని ఊహించుకుందాం. దానికి క్లచ్ ప్లేటు మార్చారు. చిల్లులు పడిన సైలెన్సరు తీసి కొత్తది వేశారు. కారు ఇంటికి వచ్చాక మూడు ఫిర్యాదులు మొదలయ్యాయి. బండి ఆగి ఉండి ఇంజను ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు సీటు, స్టీరింగు ఊగుతున్నాయి. బానెట్ తెరిస్తే టిక్, టిక్ మని సన్నని చప్పుడు వినిపిస్తోంది. 60 కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగు వణుకుతోంది. మూడూ రిపేరు తరువాతే తెలిశాయి. కారణం మూడింటికీ ఒకటేనా?

ముందు లెక్క వేద్దాం

ఐడ్లింగ్‌లో క్రాంక్ షాఫ్టు నిమిషానికి సుమారు 900 చుట్లు తిరుగుతోందనుకోండి. 60తో భాగిస్తే సెకనుకు 15 చుట్లు. అంటే చుట్టుకు ఒకసారి వచ్చే ఏ ఊపు పౌనఃపున్యమైనా 15 హెర్ట్జ్.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మాత్రమే మండుతుంది. కాబట్టి ఒక సిలిండరు సెకనుకు ఏడున్నర సార్లు మండుతుంది. మూడు సిలిండర్లు సమాన వ్యవధుల్లో మండితే సెకనుకు 22.5 తోపులు. ఈ మూడు అంకెలు – 7.5, 15, 22.5 – గుర్తుపెట్టుకోండి. మన ఇంజనుకు సంబంధించి ఇవి మూడు వేలిముద్రల వంటివి.

22.5 హెర్ట్జ్ ఊపు ఆరోగ్యంగా ఉన్న ఇంజనులోనూ ఉంటుంది. అది మండడం వల్ల వచ్చే సహజమైన తోపు. 15 హెర్ట్జ్ ఊపు కూడా ఈ ఇంజనులో కొంత ఉంటుంది. మూడు పిస్టన్లు 120 డిగ్రీల తేడాతో కదులుతాయి కనుక పైకీ కిందికీ పనిచేసే బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అయితే ఆ బలాలు ఒకే గీత మీద లేవు. అందువల్ల ఇంజను రెండు చివరలు, పిల్లలు ఆడుకునే తూగుడు బల్లలాగా, ఒకటి లేస్తే ఒకటి దిగుతూ చుట్టుకోసారి తూగుతాయి.

7.5 హెర్ట్జ్ సంగతి వేరు. మూడు సిలిండర్లూ ఒకేలా పనిచేస్తుంటే ఇది బలంగా కనిపించకూడదు. ఒక సిలిండరు సరిగా మండకపోతే రెండు చుట్లకోసారి ఒక తోపు లోపిస్తుంది. మెకానిక్‌లు "మిస్సింగ్" అనేది దీనినే. 900 చుట్ల దగ్గర ఒకే సిలిండరు ఉన్న బుల్లెట్ మోటారు సైకిలు డుగ్ డుగ్ మనేది కూడా సెకనుకు ఏడున్నర సార్లే. కూర్చున్న మనిషి శరీరం నిలువు ఊపులకు 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య ఎక్కువగా స్పందిస్తుంది. అందుకే మిస్సింగ్‌ను చెవి కంటే ముందు నడుము పసిగడుతుంది.

ఇప్పుడు చక్రం లెక్క చూద్దాం. 145/70 ఆర్12 టైరు వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 1.6 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లు అంటే సెకనుకు 16.7 మీటర్లు. భాగిస్తే చక్రం సెకనుకు సుమారు పదిన్నర చుట్లు తిరుగుతుంది. అదే సమయంలో ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే దాని పౌనఃపున్యం 50 హెర్ట్జ్. పదిన్నరకూ యాభైకీ ఎంత తేడా ఉందో చూడండి. ఊపు ఎవరిదో అంకె చెబుతుంది.

ఈ అంకెలను కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. నేటి సెల్‌ఫోన్లలో త్వరణాన్ని కొలిచే పరికరం ఉంటుంది. దాని కొలతలను పౌనఃపున్యాలుగా విడదీసి చూపే ఆప్‌లు ఉన్నాయి. ఫోను సెకనుకు 100 సార్లు కొలిస్తే 50 హెర్ట్జ్ లోపు ఊపులను గుర్తించవచ్చు. దానికి మించిన వాటిని నమ్మకూడదు.

చప్పుడును అడగవలసిన ప్రశ్నలు

ఆటోనగర్‌లో అనుభవం ఉన్న మెకానిక్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, కాస్త రేసు ఇచ్చి, క్లచ్ తొక్కి వదిలి, "ఇది ఇంజనుది కాదు" అని తేల్చేస్తాడు. అది మంత్రం కాదు. ఒక్కసారి ఒక్క పరిస్థితిని మాత్రమే మార్చి, ఫలితాన్ని గమనిస్తున్నాడు. మీరు ప్రయోగశాలలో చేసేది కూడా అదే.

మొదటి ప్రశ్న: బండి ఆగి ఉన్నప్పుడు, న్యూట్రల్‌లో రేసు ఇస్తే చప్పుడు మారుతోందా? మారితే అది ఇంజనుతో, లేదా ఇంజనుతో పాటు తిరిగే ఆల్టర్నేటరు, నీటి పంపు, బెల్టులతో సంబంధం ఉన్నది.

రెండవ ప్రశ్న: అదే రోడ్డు వేగం దగ్గర గేరు మార్చితే? గేరు మారితే ఇంజను వేగం మారుతుంది, చక్రం వేగం మారదు. ఊపు మారకుండా ఉంటే అది చక్రాలది, టైర్లది, డ్రైవ్ షాఫ్టులది.

మూడవ ప్రశ్న: క్లచ్ తొక్కితే? బండి న్యూట్రల్‌లో ఉండగా పెడల్ తొక్కినప్పుడు గరగర మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగును అనుమానించాలి. పెడల్ వదిలి ఉన్నప్పుడు వినిపించి, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సులోకి వెళ్ళే షాఫ్టు బేరింగును అనుమానించాలి. ఎందుకంటే పెడల్ తొక్కితే ఆ షాఫ్టు తిరగడం ఆగిపోతుంది.

నాలుగవ ప్రశ్న: బరువు పడితే? ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే లోహపు గలగల వినిపిస్తే ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగి ఉండవచ్చు, పెట్రోలు అకాలంగా మండుతూ ఉండవచ్చు. బరువు పడినప్పుడు ఠక్కు ఠక్కుమని బరువైన దెబ్బలు పెరిగితే కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగి ఉండవచ్చు.

అయిదవ ప్రశ్న: వేడెక్కితే? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వినిపించి, ఇంజను వేడెక్కాక తగ్గే చప్పుడు పిస్టను, సిలిండరు గోడ మధ్య సందు పెరిగినందువల్ల కావచ్చు. లోహం వ్యాకోచించి సందు తగ్గుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర గ్యాస్కెట్టు లీకయినా ఇలాగే జరుగుతుంది. ఆ లీకు టిక్ టిక్ మంటుంది కనుక చాలామంది ట్యాపెట్ అని పొరబడతారు.

చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికి మెకానిక్‌లు పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు ఆనిస్తారు. ఘనపదార్థంలో ధ్వని గాలిలో కంటే బాగా ప్రయాణిస్తుందన్న మీ పాఠమే అక్కడ పనిచేస్తోంది. డాక్టరు స్టెతస్కోపు లాంటి మెకానిక్ స్టెతస్కోపులు కూడా దొరుకుతాయి.

మూడు ఫిర్యాదులు, మూడు కారణాలు

ఇప్పుడు మన కారు దగ్గరకు వద్దాం. 60 దగ్గర వచ్చే వణుకును చూస్తే, గేరు మార్చినా అది పోలేదు. ఫోను పదిన్నర హెర్ట్జ్ చూపించింది. కారు ఆగి ఉన్నప్పుడు ఎంత రేసు ఇచ్చినా అది రాలేదు. కాబట్టి అది చక్రానిది. పరిశీలిస్తే ముందు చక్రం రిమ్ముకు ఉండవలసిన బ్యాలెన్సింగ్ సీసం ముక్క ఒకటి ఊడిపోయి ఉంది. క్లచ్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇది కాకతాళీయం.

టిక్ టిక్ సంగతి చూద్దాం. వేడెక్కినా అది తగ్గలేదు, కనుక గ్యాస్కెట్టు లీకు అనుమానం బలహీనపడింది. వేగం పెంచితే చప్పుడు వేగమూ పెరిగింది, కాని క్రాంక్ షాఫ్టు చుట్లలో సగమే ఉంది. ఒక్కో వాల్వు రెండు చుట్లకోసారి తెరుచుకుంటుంది కనుక ఆ సగం లెక్క వాల్వుల వైపు చూపిస్తుంది. స్క్రూడ్రైవరు ఆనించి వింటే వాల్వుల కవరు దగ్గరే గట్టిగా వినిపించింది. ట్యాపెట్ సందు పెరిగింది. ఇది నిన్న మొన్న వచ్చినది కాదు. చిల్లుల సైలెన్సరు రొదలో ఇన్నాళ్ళూ కప్పబడి ఉంది. కొత్త సైలెన్సరు వచ్చాక బయటపడింది. ఇది రెండవ రకం.

ఇక్కడ ఒక హెచ్చరిక. చప్పుడు పూర్తిగా పోవాలని ట్యాపెట్లను మరీ బిగించకూడదు. సందు లేకపోతే వేడికి వ్యాకోచించిన వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. శబ్దం లేకపోవడమే ఆరోగ్యం కాదు. తయారీదారు పుస్తకంలో చెప్పిన సందును ఫీలర్ గేజితో కొలిచి పెట్టడమే సరైన పద్ధతి.

ఇక ఐడ్లింగ్ ఊపు. అన్నిటికంటే కష్టమైన ఫిర్యాదు ఇదే. ఫోను 7.5 దగ్గర పెద్ద శిఖరం చూపించలేదు. అంటే ఒక్క సిలిండరు ప్రత్యేకంగా బలహీనపడలేదు. 15 దగ్గర, మండే తోపు దగ్గర మాత్రం శిఖరాలు పెరిగాయి. ఇంజను కొత్త బలమేదీ పుట్టించడం లేదు. ఉన్న బలమే ఎక్కువగా సీటుకు చేరుతోంది. మరి మధ్యలో ఉన్నది ఏమిటి? రబ్బరు మౌంటింగులు.

ఈ కారులో క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్సును దించాలి. ఇంజనుకు కింద ఆధారం పెట్టి మౌంటింగులు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు ఇంజను కొంచెం పక్కకు ఒరిగి ఉంటే రబ్బరు మెలిపడినట్లు ఉండిపోతుంది. మెలిపడి నొక్కుకుపోయిన రబ్బరు బిరుసెక్కుతుంది. ఇక్కడ మీకు తెలిసిన సూత్రం వాడదాం: స్ప్రింగు మీద ఉన్న వస్తువు సహజ పౌనఃపున్యం, స్ప్రింగు బిరుసుతనం వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

లెక్క కోసం, రబ్బరు మీద కూర్చున్న ఇంజను సహజ పౌనఃపున్యం 11 హెర్ట్జ్ అనుకుందాం. మండే తోపు 22.5 హెర్ట్జ్, అంటే రెండింతలకు పైగా. రబ్బరు లోపలి రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతే ఈ స్థితిలో బలంలో మూడో వంతు కన్నా తక్కువే బాడీకి చేరుతుంది. బిరుసుతనం రెండింతలయితే సహజ పౌనఃపున్యం 15.6కు పెరుగుతుంది. అప్పుడు బలంలో పది వంతులకు తొమ్మిది వంతులు చేరుతుంది. ఇక పని ముగించేటప్పుడు ఐడ్లింగ్‌ను కూడా 750కి తగ్గించి ఉంటే మండే తోపు 18.75కు దిగి సహజ పౌనఃపున్యానికి ఇంకా దగ్గరవుతుంది. అప్పుడు చేరే బలం అసలు బలానికి రెండింతలు దాటుతుంది. ఇదే అనునాదం. ఊయలను సరైన సమయంలో చిన్నగా తోస్తే పెద్దగా ఊగినట్లే.

నిర్ధారణకు తేలికైన పరీక్ష ఉంది. ఐడ్లింగ్‌ను కొంచెం పెంచి చూడాలి. ఊపు గబుక్కున తగ్గితే అనునాదం అనుమానం బలపడుతుంది. తరువాత అనుభవం ఉన్న మెకానిక్, ఇంజనుకు ఆధారం ఉంచి, మౌంటింగు బోల్టులు వదులు చేసి, ఇంజను సహజంగా కూర్చున్నాక తిరిగి సరైన బిగువుతో బిగిస్తాడు. పనిలో పనిగా కొత్త సైలెన్సరు గొట్టం బాడీకి ఎక్కడైనా తగులుతోందేమో కూడా చూడాలి. తగిలితే రబ్బరు ఎంత మంచిదైనా ఊపు ఆ గొట్టం దారిన బాడీలోకి వస్తుంది. ఈ ఫిర్యాదు మొదటి రకం, అంటే రిపేరు వల్లనే వచ్చినది. అయినా విడిభాగమేదీ కొనకుండానే నయమయ్యేది.

7.5 శిఖరం కనిపించి ఉంటే మన దారి వేరుగా ఉండేది. స్పార్క్ ప్లగ్గు, దాని వైరు, కార్బురేటర్ తరువాత ఊడిన వాక్యూమ్ గొట్టం, వాల్వు, ఈ వరుసలో వెతకాలి. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు ఒక పన్ను తప్పితే మాత్రం మూడు సిలిండర్లూ ఒకేలా బలహీనపడతాయి. అప్పుడు బండి లాగదు, ఐడ్లింగ్ గరుకుగా ఉంటుంది, కాని ఒక్క సిలిండరు మిస్సయిన లక్షణం కనిపించదు.

వెంటనే ఆపవలసిన సందర్భాలు

లోతైన ఠక్కుఠక్కులతో పాటు ఎర్రటి ఆయిలు దీపం వెలిగితే ఇక పరీక్షలు లేవు. బండిని పక్కకు తీసి ఇంజను వెంటనే ఆపాలి. బేరింగుకూ క్రాంక్ షాఫ్టుకూ మధ్య ఉండేది పలుచటి ఆయిలు పొర మాత్రమే. పీడనం పోతే ఆ పొర పోతుంది, లోహం లోహాన్ని రాసుకుంటుంది. తరువాత నడిపే ప్రతి నిమిషమూ ఖర్చే.

పరీక్ష చేసేవారి క్షేమం అంతకంటే ముఖ్యం. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషం. చున్నీ, జారే చేతులు, వాచీ, విప్పిన జుట్టు బెల్టులకు దూరంగా ఉండాలి. ఈ కారులో రేడియేటరు ఫ్యాను విద్యుత్తుతో తిరిగేది. ఇంజను వేడిగా ఉంటే చెప్పకుండా తిరగడం మొదలుపెట్టవచ్చు. ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూసే పరీక్షను మెకానిక్‌కే వదలండి. అందులో వేల వోల్టులు ఉంటాయి. నడుస్తున్న బండిలో తాళం తిప్పి ఇంజను ఆపే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి, స్టీరింగు బిగుసుకుపోవచ్చు. రోడ్డు మీద పరీక్ష ఖాళీ చోట, లైసెన్సు ఉన్న పెద్దవారే చేయాలి. చక్రం నడిపేవారు ఒకరు, ఫోను చూసేవారు ఒకరు.

మెకానిక్ దగ్గరకు తిరిగి వెళ్ళినప్పుడు "ఏదో చప్పుడు వస్తోంది" అని చెప్పకండి. "బండి ఆగి ఉన్నప్పుడు వస్తోంది, వేడెక్కినా తగ్గడం లేదు, క్లచ్ తొక్కినా మారడం లేదు" అని చెప్పండి. ఏ పని చేశారో, ఏ భాగాలు విప్పారో అడిగి రాసుకోండి. ఒకసారి ఒక్క మార్పే చేయించండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే చప్పుడు పోయినా కారణం తెలియదు. ఈ విధంగా మాట్లాడితే తగాదా పోయి, ఇద్దరూ కలిసి చేసే పరిశోధన అవుతుంది. మెకానిక్ చెవికీ మీ పుస్తకానికీ మధ్య గోడ లేదు. ఆయన ఏళ్ళ తరబడి విని నేర్చుకున్నదానికే మీ పుస్తకం సూత్రం రాసింది.

ముగించే ముందు మీకు మూడు ప్రశ్నలు.

ఒకటి: నాలుగు స్ట్రోకులు, నాలుగు సిలిండర్లు ఉన్న అంబాసిడర్ పెట్రోలు ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే సెకనుకు ఎన్ని తోపులు వస్తాయి? ఒక సిలిండరు మిస్సయితే ఏ పౌనఃపున్యం దగ్గర శిఖరం కనిపించాలి?

రెండు: ఒక చప్పుడు న్యూట్రల్‌లో రేసు ఇచ్చినప్పుడు రాదు, రోడ్డు మీద వేగంతో పాటు పెరుగుతుంది, గేరు మార్చినా మారదు. ఏ భాగాలను వదిలేయవచ్చు, ఏ భాగాలను పరీక్షించాలి?

మూడు: రిపేరు తరువాత ఒక కొత్త చప్పుడు వినిపించింది. అది కొత్తగా పుట్టినదా, ఇన్నాళ్ళూ కప్పబడి ఉన్నదా అని తేల్చడానికి మీరు ఏ ప్రయోగం చేస్తారు?

జవాబులు ఆలోచించండి. మీ ఊరి మెకానిక్ షెడ్డుకు వెళ్ళి ఆయనతో కూడా చర్చించండి.